కలం ముట్టని సెక్రెటరీ

పోయిన నెల, మా గ్యాసు కనెక్షను ఏ సంవత్సరంలో తీసుకున్నామో తేల్చవలసి వచ్చి అల్మారా పై అరలోంచి పాత డైరీలు దించాను. కనెక్షను సంగతి దొరకలేదు గానీ, ఒక పేజీలో నా నీలం సిరా వాక్యం పక్కన, అంచులో, సన్నటి పెన్సిలు రాత కనబడింది. నా వాక్యం ఇది: "ఈ రోజు ఆఫీసులో కొంత గొడవ జరిగింది." పక్కన పెన్సిలుతో: "ఎవరితో? మీరేమన్నారు? కొంత అంటే ఎంత?"

నా డైరీలు నేను ఎవరికీ చూపించను. మా ఆవిడ కూడా వాటిని ముట్టదు. అయినా ఆ రాత ఎవరిదో పోల్చుకోవడానికి నాకు క్షణం పట్టలేదు. ఆయన మా ఇంటికి వచ్చి, నేను లోపలికి వెళ్ళి చొక్కా తొడుక్కుని వచ్చేలోగా టేబులు మీదున్న డైరీ చదివి, ప్రశ్నలు వేసి, ఏమీ ఎరగనట్టు బుద్ధిగా కూర్చుని ఉంటాడు. అది తప్పని ఆయనకు తోచి ఉండదు. ఎవరి రాతయినా సరే, అసంపూర్తిగా కనబడితే ఆయనకు ఒంట్లో దురద పుట్టేది.

ఆయన పోయి పదిహేనేళ్ళు దాటింది. ఆ మూడు ప్రశ్నలకూ జవాబు నాకిప్పుడు గుర్తు లేదు. అంత శ్రద్ధగా రోజూ రాసుకుని, అసలు సంగతి రాయలేదన్నమాట.

వరంగల్లో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. అందరికీ సెక్రెటరీ సాబే. ఇంట్లో ఆయన భార్య కూడా మా దగ్గర "మీ సెక్రెటరీ" అనేది. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చెవిమీద పెన్సిలు, భుజానికి గుడ్డసంచి. ఆ సంచిలో ఎప్పుడూ మూడు వస్తువులుండేవి: తెల్లకాగితాలు, వక్కపలుకుల డబ్బీ, హైదరాబాదులో అచ్చయిన ఒక పలచటి నియమావళి పుస్తకం.

ఆ పుస్తకం రాష్ట్ర రాతసాయ కేంద్రాల సంఘానిది. రాతసాయ కేంద్రమంటే ఈ కాలం వాళ్ళకు తెలియకపోవచ్చు. డెబ్బైల చివర, వయోజన విద్య ఊపు మీదున్న రోజుల్లో, చదువు కొద్దిగా వచ్చి రాత భయంగా ఉన్నవాళ్ళ కోసం కొందరు పెద్దలు ఇలాంటి కేంద్రాలు పెట్టారు. దరఖాస్తు, ఉత్తరం, పెళ్ళిపత్రిక, ఏది రాసుకోవాలన్నా అక్కడికి రావచ్చు. పోస్టాఫీసు మెట్లమీద కూర్చుని రాసిచ్చేవాళ్ళకూ దీనికీ ఒకటే తేడా. నియమావళిలో మొదటి నియమం: కలం రాసుకునేవాని చేతిలోనే ఉండవలెను, సహాయకుడు ప్రశ్నలు మాత్రమే అడుగవలెను.

చేతనైన పనిని చెయ్యకుండా కూర్చోవడం చాలా కష్టం. ఎదుటివాడు అడ్డదిడ్డంగా రాస్తుంటే సెక్రెటరీ కుడిచెయ్యి దానంతటదే లేచేది. అందుకని దాన్ని తొడకింద పెట్టుకుని కూర్చునేవాడు. మరీ ఘోరమైన వాక్యం పడితే రెండో చెయ్యి కూడా తొడకిందికి పోయేది. మెడ ముందుకు చాచి, చేతులు కిందికి దోపుకుని, గుడ్లు పొదిగే కోడిలా గంటలు గంటలు కూర్చునేవాడు.

కొత్తవాడలో చేనేత సహకార సంఘం వాళ్ళ భవనంలో వెనక గది మా కేంద్రం. ఒక టేబులు, రెండు బెంచీలు. ఒకసారి ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన ఒక రైతు అక్కడికి వచ్చాడు.

"సారూ, మా ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. జర దరఖాస్తు రాసియ్యున్రి. బస్సు పోతది."

"నీకు రాయొస్తదా?"

"ఐదు దాకా సదివిన."

"ఇగ చాలు. కూసో. ఎవలకు రాస్తానవు?"

"కరెంటాఫీసుకు."

"ఆఫీసుకు కండ్లుండయి. అండ్ల ఎవలు సదువుతరు?"

రైతు ఆలోచించాడు. "ఏఈ సారు."

"ఆయన సదివినంక ఏం జెయ్యాలె?"

"మా ఊరికి రావాలె, ఇంకేం జెయ్యాలె."

"మంచిది. ఊరి పేరు రాసినవా?"

రైతు కాగితం చూసుకున్నాడు. మహారాజశ్రీలూ గౌరవనీయులూ పాదపద్మాలూ నాలుగు వరసలు నిండుగా ఉన్నాయి. ఊరి పేరు లేదు. అతనికి కోపమొచ్చింది.

"పోస్టాఫీసు మెట్లమీది ఆయనైతే ఈపాటికి రాసిచ్చి చాయ్ గూడ తాగిపోతుండె."

"ఆయన రాస్తడు, నువ్వు చూస్తవు. ఈడ నువ్వు రాస్తవు, నేను చూస్త," అన్నాడు సెక్రెటరీ, రెండో చెయ్యి కూడా కిందికి దోపుకుంటూ.

రెండు బస్సులు పోయాక దరఖాస్తు ఐదు వాక్యాలతో పూర్తయింది. ఆ రైతు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని గడపదాకా వెళ్ళి, మళ్ళీ తీసి చదువుకున్నాడు.

పెళ్ళిపత్రికల వాళ్ళకు ఇంకా కష్టం. ఒకాయన "బంధుమిత్రులందరు తప్పక విచ్చేయవలెను" అని రాసుకొచ్చాడు.

"అందరు నిజంగనే వస్తే నీకు అన్నం సరిపోతదా?" అని అడిగాడు సెక్రెటరీ.

ఆయన చాలాసేపు వేళ్ళమీద లెక్కపెట్టుకుని, "తప్పక" కొట్టేశాడు. కాసేపటికి "అందరు" కూడా కొట్టేశాడు.

ఇంట్లో ఇదే వరస. ఆయన భార్య ఒకరోజు నాతో మొర పెట్టుకుంది. "చూడు మరిదీ, కందిపప్పు తెమ్మని చిట్టీ రాసిస్తే, ఎంత మందికి, ఏ పూటకు, చారుకా ముద్దపప్పుకా అని ఎనుక రాసుకొచ్చిండు. పప్పు మాత్రం తేలే."

సెక్రెటరీ గోడవైపు చూస్తూ, "చిట్టీల ఆ ముక్క లేకపాయె మరి," అన్నాడు.

ఇప్పుడు ఆయన సెక్రెటరీ ఎలా అయ్యాడో చెప్పాలి. నియమావళి ప్రకారం ఒక ప్రాంతంలో మూడు కేంద్రాలుంటే వాటికి ప్రాంతీయ శాఖ పెట్టుకోవచ్చు. రాష్ట్ర సంఘం పరిశీలించి, శాఖను గుర్తించినట్టు అనుబంధ పత్రం ఇస్తుంది. కొత్తవాడది మొదటి కేంద్రం. హనుమకొండలో మా ఇంటి వరండా, ఆదివారాలు మాత్రం, రెండో కేంద్రం. మూడోది కాజీపేటలో ఒక గూడ్సుబండి గార్డుగారిది. ఒక సాయంత్రం సమావేశమై ప్రాంతీయ శాఖ ఏర్పడినట్టు ప్రకటించుకున్నాం. ఆయన సెక్రెటరీ. ఆఫీసులో హెడ్ క్లర్కుని కాబట్టి నేను జాయింటు సెక్రెటరీ. గార్డుగారు డ్యూటీలో ఉండి సమావేశానికి రాలేకపోయినందువల్ల ఆయన్ని ప్రెసిడెంటును చేశాం.

ఇక అనుబంధ పత్రం కోసం హైదరాబాదుకు రాయడం మొదలుపెట్టాం. మొదటి దరఖాస్తు నెలన్నరకు తిరిగొచ్చింది. మంజూరు అని లేదు, నిరాకరణ అని లేదు. మా కాగితమే, అంచుల్లో పెన్సిలు ప్రశ్నలతో. "ఇక్కడ మీరు ఏం చెప్పదలిచారు?" "ఈ మాట ఎవరి కోసం?" చివర పెద్దగా: "మూడో కేంద్రం సరిగ్గా ఎక్కడ ఉన్నది?"

ఆ చివరి ప్రశ్నే మా పీకమీదికి వచ్చింది. గార్డుగారి కేంద్రం, బండి చివర ఆయన కూర్చునే బ్రేకువ్యానులోని ఇనప పెట్టె. బండి ఆగిన చోటల్లా గ్యాంగుమన్లు, పాయింట్స్‌మన్లు వచ్చి దానిమీద కాగితం పెట్టుకుని ఇంటికి ఉత్తరాలు రాసుకునేవాళ్ళు. నేను హెడ్ క్లర్కు బుద్ధితో, "కాజీపేట రైల్వే కాలనీ అని రాసి పంపిద్దాం సార్, అయిపోతుంది," అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఆయన రాసిన జవాబు నా డైరీలో ఎత్తి రాసుకున్నాను: "మూడవ కేంద్రము సోమవారము డోర్నకల్లులోను, బుధవారము బల్లార్షాలోను ఉండును. కాజీపేటలో ఉన్నప్పుడు నిద్రపోవుచుండును."

అది కూడా తిరిగొచ్చింది. అంచులో: "నిద్రపోయేది కేంద్రమా, గార్డా?"

సెక్రెటరీ మురిసిపోయాడు. "ఎంత మంచి ప్రశ్న వేసిన్రో చూడు తమ్మీ. మనకు తట్టలే."

"ఇది ప్రశ్న కాదు సార్. కాగితం వాపసు."

"గవర్నమెంటు నౌకరి నిన్ను ఖరాబు చేసింది," అన్నాడు జాలిగా, కొత్త కాగితం తీసుకుంటూ.

హైదరాబాదువాళ్ళు కూడా తమ నియమానికి కట్టుబడ్డవాళ్ళేనని నాకు అర్థమవడానికి చాలాకాలం పట్టింది. పత్రం ఇస్తామనో ఇవ్వమనో వాళ్ళంతట వాళ్ళు రాస్తే కలం వాళ్ళ చేతిలోకి పోయినట్టు. అందుకని అడుగుతూనే ఉన్నారు. ఈయన దిద్దుతూనే ఉన్నాడు. ఇలా నాలుగేళ్ళు.

ఆ నాలుగేళ్ళలో ఎవరికీ ఆ పత్రంతో పని పడలేదు. తర్వాత చేనేత సంఘానికి కొత్త అధ్యక్షుడు వచ్చాడు. పేరు మల్లేశం. జంపఖానాలు నేసేవాడు, నలభై ఏళ్ళుంటాయి, మాట మెత్తన. ఒకనాడు గది గుమ్మం దగ్గర నిలబడి చెప్పాడు.

"సార్, నూలు మూటలు వరండాల తడుస్తానయి. ఈ గది కావాలంటాన్లు సభ్యులు. మీరు హైద్రాబాదు సంఘానికి బ్రాంచి అని కాగితం చూపెడితే నేను వాళ్ళకు సమాధానం చెప్పుకుంట. కాగితం లేకుంటె నేనేం చెప్పాలె?"

"వస్తది మల్లేశం. ఆఖరి ప్రశ్న మీదున్నది."

"జనరల్ బాడీ దాకా ఆగుత సార్. జాతర అయినంక పెడ్తానం."

ఆ రోజునుంచి ఆయనలో నేనెప్పుడూ చూడని కంగారు చూశాను. ఊళ్ళో ఇంకో గది దొరకదు. కేంద్రమంటే ఆ టేబులు, ఆ బెంచీలు, వాటిమీద కూర్చుని చెమటలు పట్టే మనుషులు. అదిపోతే ఆయనకు మిగిలేది కందిపప్పు చిట్టీ ఒక్కటే. రోజూ పోస్టుమాన్‌కు ఎదురు వెళ్ళేవాడు. మేడారం జాతరకు ఊరంతా కదిలిపోతే ఈయన పోస్టాఫీసు దగ్గరే తిరిగాడు. జాతర నుంచి జనం తిరిగొచ్చారు. హైదరాబాదు నుంచి మా తొమ్మిదో దరఖాస్తు కూడా తిరిగొచ్చింది. అంచులో ఒకటే ప్రశ్న: "మీ సహాయంతో రాసిన రాత ఒక్కటైనా మాకెందుకు చూపలేదు?"

జనరల్ బాడీకి ఇంక వారం ఉంది. మేమిద్దరం గదిలో చాయ్ తాగుతున్నాం. మల్లేశం చంకలో తీర్మానాల పుస్తకంతో వచ్చి మొహమాటంగా నిలబడ్డాడు.

"సార్, మా క్లర్కు జాతరకు పోయి అటే అత్తగారింటికి పోయిండు. ఎప్పుడొస్తడో తెల్వది. జర ఒక తీర్మానం రాసియ్యాలె."

"దేని మీద?"

మల్లేశం నేలచూపులు చూశాడు. "ఈ గది ఖాళీ చేపిచ్చుడు మీద."

నా చాయ్ పొలమారింది. సెక్రెటరీ కప్పు కింద పెట్టాడు.

"రాసియ్య," అన్నాడు.

"ఎందుకియ్యరో నాకెర్కే సార్. తప్పు నాదే, మిమ్ముల అడుగుడు."

"అందుకు కాదు. కూసో. నువ్వే రాయాలె."

మల్లేశానికి పేపరు చదవడం వచ్చు. రాత మాత్రం రంగుల జాబితా దాటి ఎన్నడూ పోలేదు. కలం పట్టుకుని చాలాసేపు చూసి ఒకే వాక్యం రాశాడు: "ఇట్టి గదిని ఖాళీ చేయించవలెనని తీర్మానించడమైనది."

"ఇది సదివి మీ వాళ్ళు ఏం జెయ్యాలె?" అన్నాడు సెక్రెటరీ.

"చేతులెత్తాలె."

"ఎందుకెత్తుతరు?"

"నేను ప్రెసిడెంటును గద."

"గందుకే ఎత్తుతరా?"

మల్లేశం కాసేపు తల గోక్కుని, "ఎత్తరు," అన్నాడు.

మొదటి రోజు అక్కడికే అయింది. అతను వెళ్ళాక నేను ఊరుకోలేకపోయాను. సభ్యుల్లో సగం మంది ఇళ్ళవాళ్ళు మా దగ్గర ఏదో ఒకటి రాసుకున్నవాళ్ళే. తీర్మానం పొడిగా ఉంటే ఎవరో ఒకరు లేచి ఎందుకని అడుగుతారు, మల్లేశం నీళ్ళు నములుతాడు, గది మనకే ఉంటుంది. ఈ లెక్క ఆయనకు విడమరిచి చెప్పాను.

"ఆ ఒక్క వాక్యం చాలు సార్. మంచిగుందని చెప్పి పంపించండి."

నేనెరిగినంతలో ఆయన నా మీద కోపపడింది అప్పుడే. "నా ముంగట కూసొని రాస్తాండు వాడు. బాగలేని దాన్ని బాగున్నదని చెప్పాల్నా? ఇన్నేండ్ల సంది గిదేనా నువ్వు నేర్చుకున్నది, జాయింటు సెక్రెటరీ గారూ?"

తమ్మీ అనే మనిషి గారూ అన్నాడంటే ఇంక మాట్లాడి లాభం లేదు.

నాలుగు సాయంత్రాలు నడిచింది. నాకు వేరే పని లేక కాదు, చూడకుండా ఉండలేక వెళ్ళాను. మూటలెన్ని తడిసినయి అని అడిగాడు. తడిస్తే ఏమైతది అని అడిగాడు. మల్లేశం ముందు నోటితో చెప్పి, తర్వాత అదే కాగితం మీద పెట్టాడు. పోయిన వానాకాలం రంగు అద్దిన నూలు తడిసి ఎరుపు తెలుపులోకి దిగిందనీ, పన్నెండు ఇళ్ళల్లో మగ్గాలు ఆగిపోయాయనీ, ఒకావిడ పాడైన నూలు చిలుపలు తెచ్చి తన ముందు పోసి ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయిందనీ రాశాడు. అది రాసేటప్పుడు అతని చెయ్యి ఆగింది.

"గీ ముచ్చట తీర్మానంల ఉంటదా సార్?"

"నిజమేనా?"

"నిజమే."

"లేకుంటె ఏమైతది?"

మల్లేశం దాన్ని చదువుకుని, "లేకుంటె ఇది ఉత్త కాగితమైతది," అని ఉంచేశాడు.

మూడోరోజు సెక్రెటరీ రెండు చేతులూ తొడకిందే పెట్టుకుని, ఒక పక్కకు వంగిపోయి, పెదవి కొరుకుతూ ఉన్నాడు. గదిలో ఇప్పుడున్న కేంద్రం గురించి మల్లేశం ఏమీ రాయలేదు. అది అడగాలి. అడిగితే తన నోటితో తనే తన సంగతి రాయించుకున్నట్టవుతుందేమోనని భయం. చివరికి గోడను చూస్తూ అడిగాడు: "ఇందుల ఎవలకన్నా నష్టమున్నదా?"

మల్లేశం తలెత్తకుండా రాశాడు: "ఈ గదిలో చాలా మంది రాత నేర్చుకున్నారు. ఈ తీర్మానము కూడా ఇక్కడనే రాసినాను. వారికి నష్టము. ఆ నష్టము మనము తెలిసి చేస్తున్నాము."

సెక్రెటరీ లేచి బయటికి వెళ్ళి వక్కపలుకు నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

జనరల్ బాడీ రోజు మేము సభ్యులం కాము కాబట్టి గుమ్మం బయట నిలబడ్డాం. మల్లేశం నిలబడి చదివాడు. ముందు వరసలో ఒక ముసలి నేతగాడు, "ఇంకోపారి సదువు బిడ్డా," అన్నాడు. మళ్ళీ చదివాడు. చేతులన్నీ లేచాయి. అంతలో గుమ్మం దగ్గరనుంచి ఒక్కరే చప్పట్లు కొట్టారు. ఎవరో చెప్పనక్కర్లేదు.

"సార్, పోయింది మీ గదే," అన్నాడు ఒక కుర్ర నేతగాడు వెనక్కి తిరిగి.

"ఇన్న. ఆ మూడో పేరా ఇన్నవా నువ్వు?" అన్నాడు సెక్రెటరీ. ఇంకా కొడుతూనే ఉన్నాడు.

మర్నాడు టేబులు, బెంచీలు రిక్షామీద మా వరండాకు వచ్చాయి. మా ఆవిడ ఒక్క ఆదివారమే కదా అనుకుంది. ఏడు రోజులూ అయింది. మల్లేశం తీర్మానానికి ఒక నకలు రాయించుకుని సెక్రెటరీ దాన్ని హైదరాబాదుకు పంపాడు. వాళ్ళు అడిగిన ప్రశ్నకు అదే జవాబు. పైన ఒక ముక్క కూడా చేర్చలేదు.

నెల తిరక్కుండా మల్లేశం సైకిలు తొక్కుకుంటూ మా ఇంటికి వచ్చాడు. చేతిలో పెద్ద కవరు. పోస్టుమాన్ పాత అడ్రసుకు తెచ్చి నూలు గదిలో ఇచ్చిపోయాడట. లోపల అనుబంధ పత్రం. అచ్చు కాగితం, గుండ్రటి ముద్ర, వరంగల్ ప్రాంతీయ శాఖ, చిరునామా: చేనేత సంఘం వెనక గది, కొత్తవాడ. దాంతోపాటు తీర్మానం నకలు తిప్పి పంపారు. నేను దాన్ని వెలుతురులో పెట్టి అంచులన్నీ వెతికాను. ఎక్కడా పెన్సిలు గీత లేదు.

మల్లేశం చెమట తుడుచుకున్నాడు. "కాగితమొచ్చింది గద సార్. గది వాపసిద్దామని ఇంకో తీర్మానం రాస్త. కూసుంట ఇప్పుడే."

"రాయి. నూలెక్కడ పెడ్తవు?"

మల్లేశం కలం తీసి, మూత పెట్టి, మళ్ళీ తీశాడు. పావుగంట తర్వాత, "వరండాల తప్ప జాగ లేదు సార్," అన్నాడు.

"మరి లేదుగద. లే, చాయ్ తాగు."

పత్రాన్ని మా వరండాలో తగిలిద్దామని నేను మేకు తెచ్చాను. సెక్రెటరీ నియమావళి తీసి చూపించాడు. అనుబంధ పత్రమును అందు పేర్కొన్న చిరునామాలోనే ప్రదర్శించవలెను. మార్పించమని మళ్ళీ హైదరాబాదుకు రాస్తే ఇంకో నాలుగేళ్ళు. అంచేత దానికి ఫ్రేము కట్టించి, మల్లేశం అనుమతితో, కొత్తవాడ నూలు గదిలో గోడకు తగిలించి వచ్చాం.

తర్వాత ఎన్నో ఏళ్ళు, మా వరండాలోకి వచ్చినవాడెవడైనా మీకు గుర్తింపు ఉన్నదా అని అడిగితే సెక్రెటరీ మారుమాట లేకుండా చెప్పుల్లో కాళ్ళు పెట్టేవాడు. అడిగినవాడిని వెంటబెట్టుకుని హనుమకొండ నుంచి కొత్తవాడ దాకా నడిపించేవాడు. మల్లేశం తాళం తీసి, ఒక మూట పక్కకు జరిపి, మర్యాదగా చెప్పేవాడు:

"జర వంగి చూడున్రి సార్. గా ఎర్రనూలు మూట ఎనుక."